ప్రేమవిందులో పిడికెడు బియ్యం

పూర్వం ఒక ఊరి క్రైస్తవ సంఘంలో ప్రతి ఇల్లూ పూటకో పిడికెడు బియ్యం తీసిపెట్టి, అందరూ కలిసి తినే ప్రేమవిందునాడు తెచ్చి ఒకే కుండలో పోసేది. ఆ ఆదివారం సంఘపెద్ద దావీదయ్య “దేవుడికి అందరూ కావలసినవాళ్లే” అని గంటసేపు ప్రసంగించి, విందులో అందరికంటే ముందుగా కూర్చుని నాలుగు ముద్దలు మింగాడు. అంతలో వీధులూడ్చే రాహేలమ్మ ఆయన పక్కన కూర్చోబోయింది.

“నీకిక్కడ చోటు లేదు, పో!”

“పోతానయ్యగారూ. నా బియ్యం నాకిప్పించండి.”

“పిచ్చిదానా, ఉడికి అన్నం అయ్యాక నీ గింజలేవో ఎవరికి తెలుస్తుంది?”

“అయితే మీ కడుపులోకీ కొన్ని చేరే ఉంటాయి. అక్కడ వాటికి చోటుంది గానీ, మీ పక్కన నాకు లేదా?”

పంక్తంతా గొల్లున నవ్వింది. దావీదయ్య జరిగి, “కూర్చో అమ్మా” అన్నాడు.

“ప్రసంగం ఇప్పుడు పూర్తయిందయ్యా” అంటూ రాహేలమ్మ విస్తరి పరుచుకుంది.