మూత తీసే చెయ్యి

ఆరు రోజులుగా మాబున్ని వండిన అన్నం వెళ్లిన దారినే వంటింట్లోకి తిరిగి వస్తోంది.

తినాల్సిన మనిషి ఆమె అక్క హుసేనమ్మ. నంద్యాల బస్టాండు వెనక ఇరవై ఆరేళ్లు మెస్సు నడిపింది. అక్కడికి జనం కూరల కోసం కాదు, అన్నం కోసం వచ్చేవాళ్లు. చిట్టిముత్యాల బియ్యం. జీలకర్రకు అన్నలా ఉండేంత గింజ. వండితే ఆ వాసన వీధి మలుపు దాకా పోయేది. ఎక్కాల్సిన బస్సు వదిలేసి వచ్చి కూర్చున్నవాళ్లు ఉన్నారని ఊళ్లో చెప్పుకునేవాళ్లు. అందులో సగం హుసేనమ్మే పుట్టించి ఉంటుంది, కానీ మిగతా సగం నిజమే.

రెండు నెలల కిందట ఆమెకు ఎడమ కాలూ చెయ్యీ పడిపోయాయి. మెస్సు మూతపడింది. చెల్లెలు తన ఇంటికి తెచ్చుకుని ముందుగదిలో మంచం వేసింది. మొదట్లో కాస్తో కూస్తో తినేది, రాను రాను అదీ మానేసింది. గొంతులో లోపమేమీ లేదని, మింగగలదని, తినాలన్న మనసు లేకపోవడమే జబ్బని డాక్టరు చెప్పాడు. సోమవారం దాకా చూసి, అప్పటికీ తినకపోతే ముక్కులోంచి గొట్టం వేద్దామన్నాడు. ఎంతమందికో వడ్డించిన అక్క ముక్కుకు గొట్టమా అనుకుంది మాబున్ని. తన చేత్తో తినిపించి తీరుతానని ఆస్పత్రి మెట్లు దిగేలోపే తీర్మానించుకుంది.

మాబున్ని బళ్లో లెక్కల టీచరు. పట్టిన పట్టు వదిలే మనిషి కాదు. ముద్ద నోటి దాకా తీసుకెళ్తే హుసేనమ్మ మొహం గోడవైపు తిప్పుకుని రోజూ ఒకటే మాట అంటుంది.

"వాసన ల్యాదు."

మాబున్ని దాన్ని తప్పుపోయిన లెక్కలాగే తీసుకుంది. ఒక నోటుబుక్కు తెరిచింది. బియ్యం ఎంతసేపు నానింది, నీళ్లు ఎన్ని గ్లాసులు, మంట ఎంత, అన్నీ అందులో రాసేది. ముందు ప్రెషర్ కుక్కర్లో వండింది. రెండు కూతలకు వాసనంతా కూతలోనే పోయిందని తేల్చి, మర్నాడు తోటి టీచరు దగ్గర మైక్రోవేవ్ ఓవెన్ అడిగి తెచ్చింది. అందులో అన్నం పైన పలుకు, కింద పేస్టు. ఇండక్షన్ పొయ్యి మీద అక్క మెస్సులో వాడిన ఇత్తడి గిన్నె పెడితే అది కుయ్‌కుయ్‌మని కాసేపు మొత్తుకుని ఆరిపోయింది. ఇత్తడిని అది గిన్నె కిందే ఒప్పుకోదని అప్పుడు తెలిసింది. చివరికి అదే గిన్నెను గ్యాసు పొయ్యి మీదికి మార్చి, ఎసరు మరిగాక బియ్యం పోసి, గంజి వార్చి చూసింది. అదీ తిరిగొచ్చింది. అటక మీద ఒక పాత కరెంటు కుక్కర్ ఉంది. మూత ఒకవైపు సొట్టపోయింది. దాన్నీ దింపి ఒకరోజు చూసి, బడికి పట్టుకెళ్లే అన్నం డబ్బాకు తప్ప పనికిరాదని రాసి గీత కొట్టేసింది.

గురువారం సాయంత్రం నోటుబుక్కు సంచిలో పెట్టుకుని మౌలాలి తాత దగ్గరికి వెళ్లింది.

కాలువ గట్టున రేకుల షెడ్డులో పరుపులు కుట్టే దూదేకుల ముసలాయన మౌలాలి తాత. కొందరు ఆయన్ని పీరు అంటారు. ఆయన మాత్రం ఎవరడిగినా పరుపులాయన్నని చెబుతాడు. మాబున్ని పదకొండేళ్లుగా ఆయన శిష్యురాలు. రోజూ తెల్లవారి కొంతసేపు దేవుడి పేరు తలుచుకుంటూ ఊరికే కూర్చోమని ఒక్క పని చెప్పాడాయన. ఆమె గడియారం పెట్టుకుని కూర్చుంటుంది, ఒక్కరోజు తప్పలేదు. నెలకోసారి వచ్చి, ఇన్నేళ్లయినా నాకేమీ తెలియడం లేదేమిటి తాతా అని నిలదీస్తుంది. ఆయన ఆ దూది ఇటివ్వమ్మా అంటాడు. ఆమె ఇస్తుంది. పదకొండేళ్ల చదువు అంతవరకే వచ్చింది.

ఆరోజు ఆమె అడిగింది దేవుడి సంగతి కాదు. నీళ్లు మంత్రించి ఇవ్వమంది, తాయెత్తు కట్టమంది, ఆ రెండూ కాకపోతే తన లెక్కలో తప్పెక్కడుందో చూసి చెప్పమంది. తాతకు చదువు రాదు. అయినా నోటుబుక్కు అందుకుని, మర్యాదగా ప్రతి పేజీ తిప్పి చూశాడు. మూసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"మూత ఎవరు తీస్తాండారమ్మా?"

"నేనే తాతా. ఇంకెవరు తీస్తారు?"

"ఊఁ" అని ఆయన సూదిలోకి దారం ఎక్కించుకున్నాడు. మీ అక్క పరుపు ఈపాటికి అణిగిపోయి ఉంటుంది, శనివారం కొత్తది తెస్తానన్నాడు.

దారిలో మాబున్నికి ఆ ప్రశ్న అర్థమైపోయింది. అంటే, అర్థమైందనుకుంది. తను తొందరపడి ముందే మూత తీస్తోంది, అదే తప్పు! పొయ్యి ఆపాక అన్నాన్ని కదపకుండా దాని ఆవిరిలో దాన్నే కాసేపు మగ్గనివ్వాలి. ఉమ్మగిలనివ్వడం అంటారు దాన్ని. అక్క చిన్నప్పుడు వంద సార్లు చెప్పింది, తను ఏ రోజూ ఓపిక పట్టలేదు. ఇంటికి రాగానే నోటుబుక్కులో ఆ మాట రాసి కింద రెండు గీతలు గీసింది.

శుక్రవారం ఇత్తడి గిన్నె దించి, మూత మీద బరువు పెట్టి, ఇరవై నిమిషాలు గడియారం చూస్తూ నిలబడింది. అప్పుడు మూత తీసింది. అబ్బ, ఏం వాసన! చిన్నప్పుడు మెస్సులో బడి సంచితో కూర్చున్న రోజులు మొత్తం ఒక్కసారి మొహానికి తగిలాయి. గెలిచానని ఆమెకు కళ్లలో నీళ్లు తిరిగాయి. పొగకు అక్కకు దగ్గు వస్తుందని వంటింటి తలుపు ఎప్పుడూ మూసే ఉంచుతుంది, పొగను బయటికి లాగే ఫ్యాను గోడకు తిరుగుతూనే ఉంటుంది. నోరు కాలుతుందేమోనని అన్నం పళ్లెంలో ఆరబెట్టి, మెత్తగా మెదిపి, నెయ్యి వేసి, అప్పుడు తలుపు తీసుకుని ముందుగదిలోకి తీసుకెళ్లింది.

హుసేనమ్మ ముద్ద వైపు చూసింది. మొహం గోడవైపు తిప్పుకుంది.

"వాసన ల్యాదు మాబున్నీ" అంది. ఈసారి పేరు పెట్టి, బతిమాలినట్టుగా అంది. అది మాబున్నికి ఇంకా కష్టమనిపించింది.

వంటింట్లోకి వెళ్లి తలుపేసుకుని ఏడ్చింది. అక్క మీద కోపమొచ్చింది, అక్క మీద కోపమొచ్చినందుకు తన మీద రోత పుట్టింది. కాసేపటికి లేచి గిన్నె తోమింది. రేపు మళ్లీ వండుతాను, ఎల్లుండీ వండుతాను, సోమవారం డాక్టరు దగ్గరికి పోయేదాకా పొయ్యి ఆర్పను అనుకుంటూ రేపటి బియ్యంలో రాళ్లు ఏరింది.

శనివారం పదకొండు గంటలకు మౌలాలి తాత ఆటోలో పరుపు వేసుకొచ్చాడు. ఇద్దరూ కలిసి హుసేనమ్మను మెల్లగా ఒక పక్కకు ఒత్తిగించి పాత పరుపు లాగి కొత్తది వేశారు. ఆమె కళ్లు తెరవలేదు. బుగ్గలు లోపలికి పోయి, కణతల దగ్గర ఎముకలు తేలి ఉన్నాయి. తాత ఆ మొహం కేసి కొంచెంసేపు చూసి, ఆకలేస్తోంది మాబున్నీ, అన్నం పెడతావా అన్నాడు.

మాబున్ని ఆ మాట కోసమే ఉన్నట్టు కొంగు దోపుకుని ఇత్తడి గిన్నె అందుకుంది. ఆయన వెనకే వంటింట్లోకి వచ్చాడు. గట్టు మీద యుద్ధానికి బారులు తీరినట్టు ఉన్న సామాను అంతా ఒక్కొక్కటే చూశాడు. ఇత్తడి గిన్నె ఆమె చేతిలోంచి తీసి కింద పెట్టాడు. మూలకు తోసేసి ఉన్న సొట్ట కుక్కర్‌ను చంకన పెట్టుకున్నాడు.

"అందులో బాగా రాదు తాతా. నేను చూసినా."

"దీనికి తోక ఉందమ్మా" అన్నాడాయన, వేలాడుతున్న వైరు చూపించి.

ఆయన దాన్ని తీసుకుని నేరుగా ముందుగదిలోకి పోయాడు. మంచం పక్కనున్న ముక్కాలిపీట మీద పెట్టాడు. అక్కడ మందుల సీసాలుంటే వాటిని కిటికీలోకి మార్చాడు. అక్కడున్న టేబుల్ ఫ్యాను వైరు పీకేసి కుక్కర్ వైరు గుచ్చాడు. ఇది వంటిల్లు కాదు, రోగి పడుకునే గది, ఆవిరి పడుతుందో పడదో అని మాబున్నికి నోటి దాకా వచ్చింది. గురువు కాబట్టి మింగేసి, నానిన బియ్యం తెచ్చి పోసింది. నీళ్లు పోసి, ఒక యాలక్కాయ చిదిమి వేసింది. తాత మీట నొక్కి మంచం పట్టె దగ్గర కింద చతికిలబడ్డాడు. ఆమె కూడా నోటుబుక్కు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

కొంతసేపటికి నీళ్లు సన్నగా గొణగడం మొదలైంది. తర్వాత కుతకుతమంది. సొట్ట ఉన్నవైపు మూత లేచి పడుతూ టకటక చప్పుడు చేసింది. గోడవైపు తిరిగి ఉన్న హుసేనమ్మ కనుబొమలు కొంచెం కదిలినట్టు మాబున్నికి అనిపించింది. కుతకుత తగ్గి బుసబుస అయింది, అదీ సన్నగిల్లింది. మీట టక్కున పైకి లేచింది.

మాబున్ని చెయ్యి దానంతట అదే మూత మీదికి పోయింది.

"ఉమ్మగిలనీ."

అన్నది తాత కాదు. మాబున్ని మంచం వైపు చూసింది. హుసేనమ్మ మొహం ఇంకా గోడవైపే ఉంది, కళ్లు మూసే ఉన్నాయి. కానీ ఆ గొంతు ఈ రెండు నెలల గొంతు కాదు. ఇరవై ఆరేళ్లు పొయ్యి ముందు నిలబడి, తొందరపడిన ప్రతి పనిమనిషినీ ఆపిన గొంతు. మాబున్ని చెయ్యి వెనక్కి తీసుకుంది.

గడియారం వైపు తలెత్తబోతే తాత తన తుండుగుడ్డ తీసి కుక్కర్ చుట్టూ చుట్టాడు, పసిబిడ్డకు చుట్టినట్టు. అప్పుడు ఆమెకు గడియారం చూడబుద్ధి కాలేదు. అలాగే కూర్చుంది. ఎంతసేపో తెలియదు. గదిలో తన ఊపిరి, అక్క ఊపిరి, తాత ఊపిరి మూడూ వేరువేరుగా వినబడ్డాయి.

"ఇప్పుడు" అంది హుసేనమ్మ.

మాబున్ని మళ్లీ చెయ్యి చాచింది. ఈసారి తాత తన అరచెయ్యి ఆమె చేతికి అడ్డం పెట్టాడు. తుండుగుడ్డ విప్పి, ముక్కాలిపీటను మంచానికి ఆనేదాకా జరిపాడు. ఊరికే కూర్చున్నాడు.

దుప్పటి కదిలింది. హుసేనమ్మ తల ఇటు తిరిగింది. బాగున్న కుడిచెయ్యి వణుకుతూ బయటికి వచ్చి, గాలిలో కొంచెం వెతుక్కుని, మూత పిడిని పట్టుకుంది. పట్టుకున్నాక ఇక వణకలేదు. ముందు మూతను తనకు అవతలివైపు లేపి, మొదటి వేడి ఆవిరిని పోనిచ్చి, అప్పుడు పూర్తిగా ఎత్తింది. ఎప్పుడూ ఎత్తినట్టే ఎత్తింది.

ఆవిరి ఆమె మొహమంతా కమ్ముకుంది. తలకింది దిండు మీద, కొత్త పరుపు మీద, మందుల వాసన మీద, గదంతా చిట్టిముత్యాల వాసన పరుచుకుంది. ఆమె కళ్లు మూసుకుని లోపలికి పీల్చింది. మళ్లీ పీల్చింది. చెమ్మ ముక్కు మీద నుంచి పెదవి మీదికి జారింది. అది ఆవిరో కన్నీళ్లో మాబున్నికి తెలియలేదు.

మూత ఎక్కడ పెట్టాలో తెలియక ఆమె చెయ్యి ఆగింది. తాత మాబున్ని ఒళ్లోంచి నోటుబుక్కు తీసి మంచం పట్టె మీద పెట్టాడు. హుసేనమ్మ తడి మూతను దాని మీద బోర్లించింది.

రెండు వేళ్లతో నాలుగు మెతుకులు తీసి నలిపి చూసింది.

"అరగ్లాసు నీళ్లు ఎక్కువ పోసినావే" అంది. నోట్లో వేసుకుంది. నమిలింది. మళ్లీ చెయ్యి పెట్టింది.

మాబున్నికి నవ్వాలో ఏడవాలో తెలియక పైట నోటికి అడ్డం పెట్టుకుంది. కుక్కర్ గిన్నెలోంచి అలాగే, నెయ్యి లేదు, కూర లేదు, హుసేనమ్మ తొమ్మిది ముద్దలు తిన్నది. మాబున్ని లెక్కపెట్టింది, ఆ అలవాటు ఎక్కడికి పోతుంది. తర్వాత హుసేనమ్మ అలసిపోయి దిండు మీద వాలి, ఆయనకు అన్నం పెట్టు, పెద్దాయన ఎంతసేపని కూర్చుంటాడు అని చెల్లెల్ని కసిరింది.

తాత తృప్తిగా తిని చెయ్యి కడుక్కున్నాడు. పాత పరుపు భుజాన వేసుకుని గడప దాటుతుంటే మాబున్ని వెంట వెళ్లింది. అడగాల్సింది చాలా ఉంది. పదకొండేళ్లదీ ఉంది, ఈ ఆరు రోజులదీ ఉంది.

"నా దాంట్లో ఏం తప్పుపోయింది తాతా?"

"చెప్పింది కదమ్మా మీ అక్క. నీళ్లు అరగ్లాసు" అని ఆయన ఆటో ఎక్కాడు.

సాయంత్రం ఆమె నోటుబుక్కు తెరిచింది. అట్ట మీద మూత అచ్చు గుండ్రంగా పడింది. లోపల సిరా కరిగి, నీళ్ల లెక్కలూ నిమిషాల లెక్కలూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. రెండు గీతలు గీసిన మాట మాత్రం ఎలాగో చదవడానికి వస్తోంది.

మర్నాడు తెల్లవారి కూర్చునేటప్పుడు ఆమె గడియారాన్ని తిప్పి పెట్టింది. పదకొండు గంటలకు కుక్కర్ తెచ్చి మంచం పక్కన పెట్టింది. నీళ్లు అరగ్లాసు తగ్గించింది. కుతకుతలాడి, బుసకొట్టి, మీట టక్కుమంది. మాబున్ని రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుంది.

"ఉమ్మగిలనీ" అంది మంచం మీద నుంచి హుసేనమ్మ.

"సరే అక్కా" అంది మాబున్ని.