కొమ్మ ఎవరి పేరున?

అనగనగా ఒక మడ అడవిలో, కార్తీక పౌర్ణమి నాటి పొద్దున్నే, పగడాలు అనే ఆడకొంగకు అన్యాయం జరిగింది. చేసింది గద్ద కాదు, పామూ కాదు. కట్టుకున్న మొగుడే. వాడి పేరు శూరయ్య. చేప చిన్నదని మొదలుపెట్టి, ఆమె రెక్క వాలిపోయేదాకా పొడిచాడు. ఆ చేప తెచ్చింది వాడే. అదీ వాడి న్యాయం!

ఈ ఇద్దరూ ఆ అడవివాళ్ళు కారర్రా. ఉత్తరాన చెరువులు ఎండిపోతే వలస వచ్చారు. అలా వచ్చిన జంటకు అడవివాళ్ళు ఒక కొమ్మ ఇస్తారు. ఆ కొమ్మ మగవాడి పేరున ఉంటుంది. వాడున్నన్నాళ్ళే ఆడదీ ఉండాలి. వాడు పోతే ఆమె కూడా పోవాలి. ఎందుకలా అంటే, తాతలనాటి ఆనవాయితీ అంటారు. తాతలు గుడ్లు పెట్టారా ఏమన్నానా?

పగడాలు గూట్లో అప్పటికి మూడు గుడ్లున్నాయి.

పక్క పొదలో ఉండే నీటికోడి రత్తమ్మ అంతా చూసింది. చూసి ఊరుకునే రకం కాదు. పరుగున పోయి అడవి పెద్ద బానయ్యతో చెప్పింది. బానయ్య గూడబాతు. మూతి కింద సంచిలో ఎప్పుడూ ఒక చేప ఉంటుంది. మాటకన్నా ముందు అది కదులుతుంది.

పౌర్ణమికీ అమావాస్యకీ సముద్రం బాగా వెనక్కి పోతుంది. అప్పుడు ఏటి మధ్య బురదదిబ్బ తేలుతుంది. ఆ దిబ్బ మీదే అడవి సభ. పోటు రాగానే సభ ఆఖరు. మాట తేలినా సరే, తేలకపోయినా సరే.

ఆ రోజే మొదటి సభ జరిగింది.

"కొత్త కట్టుబాటు పెడదాం. వలస వచ్చినవాడు ఆడదాన్ని కొట్టినా, వద్దంటున్నా మీదపడినా, ఏరు దాటించేద్దాం" అన్నాడు బానయ్య.

"దాటించాల్సిందే!" అని అందరికన్నా గట్టిగా అరిచాడు నీటికాకి భుజంగం. "మన మర్యాదలు వీళ్ళకేం తెలుసు?"

వాడి వెనక వాడి పెళ్ళాం పోలమ్మ కుంటుకుంటూ వచ్చి నిలబడింది. ఆ కాలు ఎవరు విరిచారో అడవంతటికీ తెలుసు.

వలస వచ్చిన కొంగల పెద్ద నరసయ్య మెడ సాచాడు. "ఇది మా జాతిని వెళ్ళగొట్టే ఎత్తు! మా ఇంటి గుట్టు మేం చూసుకుంటాం."

మా జాతి, మీ జాతి అని పోటు వచ్చేదాకా అరుచుకున్నారు. పగడాలు కొమ్మ మీంచి వింటూనే ఉంది. "నాకు తగిలిన దెబ్బ గురించే కదా ఈ గోల. నన్నొక్క మాట అడగరేం?" అనుకుంది.

అమావాస్యకు అడిగారు. అందరి ముందూ నిలబెట్టి మరీ అడిగారు.

"చెప్పమ్మా, నీ మొగుడు నిన్ను కొట్టాడా?"

పగడాలు గొంతు దాకా నిజం వచ్చింది. అవునంటే వాణ్ణి తరుముతారు. వాడితోపాటు కొమ్మా పోతుంది. ఏటి అవతల చుక్క నీరు లేదు. గుడ్లకు రెక్కలు రాలేదు.

"లేదు పెద్దయ్యా. కొమ్మ మీంచి జారిపడ్డాను" అంది.

"ఓసి నీ నోరు పడిపోనూ!" అని రత్తమ్మ తల బాదుకుంది. "నేను కళ్ళారా చూశానే!"

"మా పిల్ల బంగారం" అన్నాడు నరసయ్య మురిసిపోతూ.

ఆ సాయంత్రం శూరయ్య విరగబడి నవ్వాడు. "నన్నెవడు కదిలిస్తాడే? నేను పోతే నువ్వూ పోతావు" అని గూటిని ఒక్క తన్ను తన్నాడు. ఒక గుడ్డు జారి బురదలో పడి చితికింది.

మార్గశిర పౌర్ణమికి పగడాలును ఎవరూ పిలవలేదు. తనే దిబ్బ మీదికి దిగింది.

"పెద్దయ్యా, పోయినసారి అబద్ధం చెప్పాను. కొడుతున్నాడు. మొన్న గుడ్డు కూడా పోయింది. కానీ మీ కట్టుబాటు ప్రకారం వాణ్ణి తరిమితే నన్నూ తరిమినట్టే. మిగిలిన రెండు గుడ్లూ ముక్కున కరుచుకుని ఎగరమంటారా?"

బానయ్య సంచిలో చేప కదలడం మానేసింది. "ఆ సంగతి మాకు తట్టలేదమ్మా."

"అడిగితే తట్టేది."

"ఇంటి గుట్టు ఇలా..." అని నరసయ్య గొణిగాడు.

"బాబాయ్, నా గుడ్డు బురదలో చితికింది. ఇంకా ఏం గుట్టు?"

రత్తమ్మ అందుకుంది. "మరి భుజంగం సంగతేమిటి పెద్దయ్యా?"

"వాడు మనవాడే కదమ్మా. ఎక్కడికని తరుముతాం?"

"అంటే, తరమడానికి చోటుంటేనే తప్పా?"

బానయ్య ఏటివైపు చూశాడు. "పోటు వస్తోంది. అమావాస్యకు చూద్దాం."

"అమావాస్యకు నాకు గుడ్లుండవు" అంది పగడాలు. అక్కడే నిలబడింది. నీళ్ళు మోకాలు దాటాయి. కదలలేదు. రత్తమ్మ వచ్చి పక్కన తేలుతూ నిలిచింది. కుంటుకుంటూ పోలమ్మా వచ్చింది. వాళ్ళను వదిలి వెళ్ళలేక అడవి మొత్తం మొదటిసారి పోటులో సభ చేసింది.

చివరికి బానయ్య చేపను మింగేసి, నోరు ఖాళీ చేసుకుని చెప్పాడు.

"కొమ్మ ఇకమీదట గుడ్లు కాచేదాని పేరున. ఆడదాన్ని హింసించినవాడు ఎక్కడివాడైనా కొమ్మ దిగాలి. వలసవాడైతే ఏరు కూడా దాటాలి."

పొద్దు వాలకముందే శూరయ్యను ఏరు దాటించారు. పగడాలు ఒంటరిగా గుడ్ల మీద కూర్చుంది.

భుజంగం మాత్రం పోలమ్మ వెంటపడ్డాడు. "నన్ను దిగమంటే ఎక్కడుండాలే నేను?"

పోలమ్మ వాడివైపు తిరిగింది. "ఆ బురదలో ఉండు. అది ఎవరి పేరునా లేదు."

కార్తీక పౌర్ణమి నాడు మొదలైన గొడవ. ఆ కొమ్మ పగడాలు పేరున మారింది మార్గశిర పౌర్ణమి నాడు.

నీతి: దెబ్బ తిన్నదాన్ని అడగకుండా కట్టుబాటు చేయకండి, ముందు ఆమె కాళ్ళ కింద కొమ్మ నిలబెట్టండి, ఆ తర్వాతే వాణ్ణి తరమండి.