మొదటి బంతిలో విస్సన్న

ఇటలీలో అడుగుపెట్టిన పదిహేనో రోజున విస్సన్నకి అసలైన చిక్కు వచ్చిపడింది. వండుతున్నదాన్ని రుచి చూడమన్నారు.

ఇందులో చిక్కేముందని ఎవరైనా అనుకోవచ్చు. కానీ ముక్తేశ్వరం విస్సన్న ఇరవై రెండేళ్ళుగా పెళ్ళిళ్ళకీ, ఉపనయనాలకీ, వ్రతాలకీ వండుతున్నా, పొయ్యి మీదున్నదాన్ని ఒక్కనాడూ నాలిక్కి తాకించి ఎరగడు. నైవేద్యం కాకుండా రుచి చూస్తే వంటంతా ఎంగిలి. తండ్రి అతనికి అలా నేర్పాడు, తండ్రికి తాత నేర్పాడు. విస్సన్న గుండిగ మూత తీసి ఆవిరి పీల్చి, "పులుసులో ఉప్పు చారెడు తగ్గింది" అనేవాడు. చారెడు వేసి కలిపితే సరిపోయేది. విస్సన్న ముక్కు సంగతి కోనసీమంతా తెలుసు. అందరికన్నా బాగా విస్సన్నకే తెలుసు.

అతన్ని ఇటలీ పంపించింది కాకినాడలో శాకాహార హోటలు నడిపే పేర్రాజు గారు. ఆయన వయసులో ఉండగా సంచీ భుజాన వేసుకుని దేశాలు తిరిగిన మనిషి. దక్షిణ ఇటలీలో ఒక కొండ మీద సిస్టర్ల మఠం ఉంది. ఇంకా పైనున్న పాత చర్చికి కాలినడకన వెళ్ళే యాత్రికులకి అక్కడ మధ్యాహ్నం భోజనం పెడతారు. ఒకసారి తిన్న ఆ భోజనాన్ని పేర్రాజు గారు ఇప్పటికీ మర్చిపోలేదు. ఈ ఏడు తన హోటల్లో ఇటలీ వంటల కోసం విడిగా ఒక వంటిల్లు కట్టించి, విస్సన్నని పిలిచారు.

"మూడు వారాలు ఊళ్ళు తిరుగుతూ నేర్చుకో. ఆఖర్ని ఆ మఠానికి వెళ్ళు. అక్కడ వంట చూసే అస్సుంత సిస్టరు మాటల మనిషి కాదు. నీ చేతి వంట తిని ఆవిడ మారు వడ్డించమని పళ్ళెం చాపిందా, ఈ వంటిల్లు నీది. చాపలేదా, నేను బొంబాయి నుంచి ఎవర్నైనా తెచ్చుకోవాలి" అన్నారు.

విస్సన్నకి ఆ వంటిల్లు కావాలి. ఎండలో గాడిపొయ్యిల దగ్గర నిలబడి నిలబడి మోకాళ్ళు అరిగిపోయాయి. ముహూర్తాలు లేని నెలల్లో చేతినిండా పని ఉండదు. ఏడాది పొడుగునా నీడపట్టున నిలబడి వండుకునే అదృష్టం మళ్ళీ తలుపు తడుతుందని నమ్మకం లేదు.

రోములోనూ నేపుల్స్‌లోనూ అంతా సాఫీగానే జరిగింది. అక్కడ నేర్పేవాళ్ళే రుచి చూసి సరిచేసుకునేవాళ్ళు. విస్సన్న గిన్నె మీద ముక్కు పెట్టి ఇందులో ఏమేం పడ్డాయో వరసగా చెప్తుంటే చప్పట్లు కొట్టేవాళ్ళు. ఆ చప్పట్లు చెవుల్లో మోగుతుండగానే కొండెక్కాడు.

మఠంలో అతనికి కొండంత అండ దొరికింది. ఫిరంగిపురం నుంచి వచ్చి అక్కడే స్థిరపడిన సిస్టరు నిర్మల. విస్సన్నకి ఇటలీ భాష వంటింటి గుమ్మం దాటి రాదు. మిగతాదంతా ఆవిడ తెలుగు చేసి చెప్పేది.

మొదటి రోజే అస్సుంత సిస్టరు టమాటా గుజ్జు ఉడుకుతున్న గిన్నెలో చెక్క గరిటె ముంచి, ఊది, విస్సన్న నోటి దగ్గరికి తెచ్చింది. ఎనభై దాటిన మనిషి, పిడికెడంత ఉంది. అయినా ఆ గరిటె పట్టుకున్న తీరు చూస్తే కాదనబుద్ధి కాదు. విస్సన్న కషాయం వద్దనే పిల్లాడిలా మొహం పక్కకి తిప్పేసుకున్నాడు.

"రుచి చూడమంటన్నారండీ," అంది నిర్మల.

"మేం చూడవండీ. దేవుడు తినకుండా మనం తింటే ఎంగిలైపోదుటండీ?"

నిర్మల ఆ మాట ఇటలీ భాషలో చెప్పింది. పెద్దావిడ శ్రద్ధగా విన్నది. కోపం రాలేదు. గరిటె తనే చప్పరించి, ఇంత ఉప్పు వేసి, విస్సన్నని పిండి బల్ల దగ్గరికి పంపేసింది.

అక్కడ మాత్రం అతని పంట పండింది. గోధుమరవ్వని మెత్తగా ఆడించి, గోరువెచ్చటి నీళ్ళు పోసి ముద్ద చెయ్యడం. గుడ్డు లేదు, మరోటి లేదు. పొడుగ్గా తాడులా చేసి, గోళీలంత ముక్కలు కోసి, బల్ల మీద బొటనవేలితో నొక్కి ఇలా లాగితే చిన్న దొప్పలా ముడుచుకుంటుంది.

"ఇవి మా గవ్వలేనండీ! బెల్లం పాకం ఒక్కటే తక్కువ!" అని విస్సన్న పెద్దగా నవ్వేశాడు. అతని బొటనవేలు ఒకసారి మొదలెట్టాక ఆగలేదు. పెద్దావిడ పది చేసేసరికి అతను పాతిక చేసి వరసలు పేర్చాడు. ఆవిడ కూడా నవ్వి, పిండి చేత్తో అతని బుగ్గ మీద తట్టింది. ఆ పిండి మరక సాయంత్రం దాకా తుడుచుకోలేదు.

నాలుగు రోజులు అదే పని. పొద్దున్నే పెరట్లో టమాటాలూ ఆకుకూరలూ కోసుకురావడం, గవ్వలు నొక్కడం. నిన్నటి కూరగాయ ఆ వంటింట్లోకి రాదు. పొయ్యి దగ్గరికి మాత్రం అతన్ని రానివ్వలేదు. రోజూ యాత్రికుల భోజనాలయ్యాక ఆవిడ ఒకటే ప్రశ్న అడిగేది.

"తిన్నావా, విస్సానో?"

"తర్వాతండీ," అనేవాడు విస్సన్న.

ఆ మాట అతనికి ఊపిరి పీల్చినంత అలవాటు. పెళ్ళిలో వంటవాడు తినేది ఆఖరి బంతి లేచాకే. అప్పటికి ఆవిరికే కడుపు నిండిపోయి, పనసపొట్టు కూరా బొబ్బట్లూ ఎదురుగా ఉన్నా, రెండు ముద్దలు మజ్జిగన్నం తిని పడుకుంటాడు. ఇక్కడా అంతే. మూడింటికి ఏ మూలో కూర్చుని ఇంత రొట్టె, పెరుగు, సంచీలో తెచ్చుకున్న నిమ్మకాయ ఊరగాయ. అస్సుంత సిస్టరు అది రోజూ చూసేది.

అయిదో రోజు తెల్లారేసరికి విస్సన్నకి ఓపిక అయిపోయింది. ఎల్లుండి విమానం.

"పొయ్యి ముట్టుకోకుండానే పంపించేస్తారేంటండీ నన్ను? కాస్త అడిగి పెట్టండి," అన్నాడు నిర్మలతో.

ఆవిడ అడిగింది. పెద్దావిడ వెంటనే తన గరిటె తీసి అతని చేతిలో పెట్టి, పక్కకి తప్పుకుంది. ఆ రోజు యాత్రికులు ఇరవై రెండు మంది.

విస్సన్న చెలరేగిపోయాడు. వెల్లుల్లి వేగింది, టమాటా ఉడికింది, తులసికి చుట్టంలాంటి ఆ పచ్చటాకు గిల్లి పడేశాడు. నీళ్ళలో ఉప్పు పిడికిళ్ళతో వేసి గవ్వలు ఉడికించాడు. పదకొండు గంటలకల్లా అన్నీ కలిపేసి, ఉప్పుపెట్టి ఎండబెట్టిన చీజు గడ్డని దండిగా తురిమి చల్లి, మూత పెట్టేశాడు. ముందు కలిపి పెడితే పులిహోర ఎంత బాగుంటుందో అతనికి తెలుసు. ఊరితేనే కదా రుచి! భోజనాల గంట పన్నెండున్నరకి. పెద్దావిడ గడియారం వంక చూసింది, మూత వంక చూసింది, వెళ్ళి ఆకుకూర ఏరుకుంటూ కూర్చుంది.

వడ్డన మొదలయ్యాక విస్సన్న అలవాటుగా వంటింట్లోనే ఉండిపోయాడు. తినేవాళ్ళని వంటవాడు చూడకూడదని నియమమేం లేదు, చూసే తీరిక ఎప్పుడూ లేదంతే. లోపలికి నీళ్ళ జగ్గులు మాటిమాటికీ ఖాళీగా వస్తున్నాయి. పాపం ఎండన పడి నడిచొచ్చారు, దాహం తీర్చుకుంటూ మెతుకు మెతుకునీ ఆస్వాదిస్తూ తింటున్నారు కాబోలని మురిసిపోయాడు.

తర్వాత పళ్ళేలు వచ్చాయి. సగం గవ్వలు పళ్ళేల్లోనే ఉన్నాయి. విస్సన్నకి పేర్రాజు గారి వంటిల్లు కళ్ళ ముందే మూసుకుపోతున్నట్టు అనిపించింది.

"ఏం తగ్గిందండీ?" అని అడిగాడు పెద్దావిడ దగ్గరికెళ్ళి.

"తిన్నవాళ్ళని అడుగు," అంది ఆవిడ.

విస్సన్న గుమ్మంలోకి పరిగెత్తాడు. యాత్రికులు అప్పటికే సంచులు వేసుకుని కొండమలుపు తిరుగుతున్నారు. వెనక్కి వచ్చి, "వెళ్ళిపోయారండీ," అన్నాడు దీనంగా.

"సరే. రేపు తినేవాళ్ళలో ఒకణ్ణి నీ కోసం ఆపి ఉంచుతాను. వాణ్ణి అడుగుదువు గాని."

ఆ మాటతో కొంచెం ప్రాణం లేచొచ్చింది. ఇంకొక రోజు ఉంది. లోపం వెల్లుల్లిలో ఉంటుందని నిర్ణయించుకుని, మర్నాడు అది రెట్టింపు చేశాడు. ఇంగువ డబ్బా దాకా వెళ్ళిన చెయ్యిని బలవంతాన వెనక్కి తీసుకున్నాడు. ముక్కు అంతా బ్రహ్మాండంగా ఉందని చెప్పింది. ఈసారి ఇంకా బాగా ఊరాలని పదిన్నరకే కలిపి మూత పెట్టాడు.

గంట మోగింది. పొడవాటి బల్లకి అటూ ఇటూ పద్దెనిమిది మంది యాత్రికులు కూర్చున్నారు. ఒక్క కుర్చీ ఖాళీగా ఉంది. అందరూ తలలు వంచి ప్రార్థన చేసుకున్నారు. విస్సన్న గుమ్మం చాటు నుంచి చూస్తున్నాడు, ఆవిడ ఆపి ఉంచే మనిషి ఎవరై ఉంటాడా అని.

అస్సుంత సిస్టరు అతని వెనక్కి వచ్చి ఏప్రను ముడి విప్పింది. చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి ఆ ఖాళీ కుర్చీలో కూర్చోబెట్టింది. తెల్లటి గుడ్డ ఒళ్ళో పరిచింది. వంటింట్లోకి వెళ్ళి, మూత తీసి, మొదటి పళ్ళెం నింపుకొచ్చి అతని ముందు పెట్టింది.

"ఇదిగో, నీ మనిషి. అడుగు," అంది.

నిర్మల తెలుగు చేసి చెప్పి, నవ్వాపుకోడానికి కిటికీ వైపు తిరిగింది.

విస్సన్న చుట్టూ చూశాడు. పద్దెనిమిది మందీ అతను మొదలుపెడితే తమకి వడ్డిస్తారని ఎదురుచూస్తున్నారు. ఎంగిలనడానికి లేదు. ప్రార్థన అయింది, పళ్ళెం తనది, కూర్చున్నది బంతిలో. ఇరవై రెండేళ్ళలో ఎప్పుడూ అతను మొదటి బంతిలో కూర్చోలేదు. సిగ్గుపడుతూ ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

గవ్వలు గవ్వల్లా లేవు. గుజ్జంతా తాగేసి, ఉబ్బి, ఒకదానికొకటి అతుక్కుపోయి చల్లటి ముద్దైపోయాయి. పైగా ఉప్పు! నీళ్ళలో వేసిన ఉప్పు సరిగ్గానే ఉండాలి, కానీ ఆ చీజు తన ఉప్పు సంగతి ముక్కుకి చెప్పలేదు. విస్సన్న చెయ్యి దానంతటదే నీళ్ళ జగ్గు మీదికి పోయింది. జగ్గు పట్టుకున్నాక నిన్నటి జగ్గులన్నీ గుర్తొచ్చాయి.

చెవుల దాకా ఎర్రబడ్డాడు.

"నిర్మలమ్మ గారూ," అంటూ లేచాడు. "పావుగంట ఓపిక పట్టమనండి. ఇది ఒక్కళ్ళకీ వడ్డించకండి, మీకు పుణ్యముంటుంది!"

ఏప్రను కట్టుకోడం కూడా మర్చిపోయి వంటింట్లోకి ఉరికాడు. రాత్రి భోజనాలకని నొక్కి గుడ్డ కప్పి ఉంచిన గవ్వలు ఉన్నాయి. పొద్దున కోసిన టమాటాలు ఇంకో బుట్టెడు ఉన్నాయి. ఒక పొయ్యి మీద నీళ్ళు, ఒక పొయ్యి మీద ఆలివ్ నూనె. టమాటాలు చేత్తోనే చిదిమి పడేశాడు. నీళ్ళు తెర్లాక గవ్వలు వేసి, పైకి తేలగానే తీసి గుజ్జులో కలిపాడు. ఉప్పు డబ్బా మీద చెయ్యి వేసి ఆగాడు.

ప్రార్థన అయిపోయింది కనక దేవుడి భోజనం కూడా అయిపోయినట్టే అనుకున్నాడు. గరిటెలోంచి రెండు చుక్కలు ఎడంగా అరచేతిలో వంపుకుని నాలిక్కి రాసుకున్నాడు. చెయ్యి శుభ్రంగా కడుక్కుని, చీజు కొంచెం తురిమి, మళ్ళీ రెండు చుక్కలు. ఉప్పు డబ్బా మూసేశాడు. మూత మాత్రం వెతకలేదు, గిన్నె రెండు చేతులా ఎత్తుకుని పొగలు కక్కుతుండగానే బయటికి పరిగెత్తాడు.

ఈసారి అతను చాటుకి పోలేదు. గోడకి ఆనుకుని నిలబడి ఒక్కొక్క మొహమే చూశాడు. మొదట అందరి తలలూ పళ్ళేల మీదికి వంగాయి. తర్వాత ఎవరో ఏదో అన్నారు, ఎవరో నవ్వారు, బల్ల పొడుగునా కబుర్లు మొదలయ్యాయి. జగ్గుల్లో నీళ్ళు జగ్గుల్లోనే ఉన్నాయి. గిన్నె అటు చివరికీ ఇటు చివరికీ రెండుసార్లు తిరిగింది. విస్సన్నకి ఏడుపొచ్చినంత పనైంది.

అస్సుంత సిస్టరు కూడా బల్ల చివర బెంచీ మీద చోటు చేసుకుని కూర్చుంది. తలెత్తకుండా తింది. తర్వాత అతని వంక చూసింది.

"తిన్నావా, విస్సానో?"

"తర్వా..." అన్నాడు విస్సన్న, అక్కడే ఆగిపోయాడు. గిన్నెలో మిగిలిన ఆఖరి రెండు గరిటెలూ పళ్ళెంలో వేసుకుని, ఆవిడ పక్కన కూర్చుని, నాలిక చురుక్కుమంటున్నా ఊదుకోకుండా ఒక ముద్ద తిన్నాడు. ఇంకొకటి తిన్నాడు.

మూడో ముద్దకి అతని పళ్ళెం అంచుకి ఇంకో పళ్ళెం వచ్చి తగిలింది. ఖాళీ పళ్ళెం. అస్సుంత సిస్టరు దాన్ని రెండు చేతులా చాపి పట్టుకుని ఉంది.

విస్సన్న గిన్నె వంక చూశాడు. గిన్నె ఖాళీ. తన పళ్ళెం వంక చూసుకున్నాడు. కాసేపు తటపటాయించి, తను ముట్టుకోని వైపు నుంచి సగం గవ్వలు జాగ్రత్తగా ఆవిడ పళ్ళెంలోకి తోశాడు. పేర్రాజు గారి షరతు ముందే విన్న నిర్మల, కిటికీ దగ్గర అప్పుడే కాకినాడకి ఫోన్ కలుపుతోంది.

పెద్దావిడ ఒకటి నోట్లో వేసుకుని, గరిటె పట్టి కాయలు కాసిన వేలితో అతని పళ్ళెం చూపిస్తూ ఏదో అంది. నిర్మల ఫోన్ చెవి నుంచి తీసి తెలుగులో చెప్పబోయింది.

"అక్కర్లేదండీ," అన్నాడు విస్సన్న నోటినిండా గవ్వలతో. "చల్లారిపోతాయి, తినమంటున్నారు."