నూకలపర్రులో రెడ్ వెల్వెట్ కుకీలు

తెలివిలో తమ ఇంటిని మించిన ఇల్లు గోదావరికి ఈ గట్టునా లేదు, ఆ గట్టునా లేదని తాయారమ్మకి గట్టి నమ్మకం. నూకలపర్రులో వాళ్ళది బియ్యం మిల్లు. ఆవిడ, మొగుడు గవర్రాజు, కొడుకు బుల్లబ్బాయి, ముగ్గురిదీ ఒకటే పద్ధతి. చెప్పింది చెప్పినట్టు చేస్తారు. గోరంత కలపరు, గోరంత తగ్గించరు. లోకంలో పనులన్నీ చెడేది మధ్యలో సొంత బుర్ర వాడేవాళ్ళ వల్లేనని గవర్రాజు రోజూ కాఫీ తాగుతూ చెబుతాడు. ఆ పొరపాటు ఆయన ఎన్నడూ చేయలేదు.

ఆ ఊళ్ళో మిల్లులవాళ్ళ ఆడవాళ్ళకి ఓ క్లబ్బుంది. దాని సెక్రటరీ భ్రమరాంబ. తాయారమ్మ చేరిన నాటినుంచీ వెనక వరసలో కూర్చుని చప్పట్లు కొట్టడమే. పొరపాటున నోరు విప్పితే "మీకు తెలీదులెండి వదినగారూ" అని భ్రమరాంబ నవ్వేది. ఆ నవ్వు తాయారమ్మకి అన్నం దగ్గర గుర్తొచ్చేది, నిద్రలో గుర్తొచ్చేది. ఒక్కసారి ఆ సెక్రటరీ పదవిలో కూర్చుని తనూ అలా నవ్వాలని ఆవిడ కోరిక.

ఆ ఏడు ఎన్నిక వచ్చింది. భ్రమరాంబ దిగితేగా. హైదరాబాదులో తను తిన్న రెడ్ వెల్వెట్ కుకీల గొప్పలు మళ్ళీ మొదటినుంచీ చెప్పి, అచ్చం బేకరీలోలాగా వాటిని ఇంట్లో చేసి శనివారం మీటింగుకి తెచ్చినవాళ్ళకే పదవి వదులుతానంది. ఎవరివల్లా కాదని ఆవిడ ధీమా. తాయారమ్మ చెయ్యెత్తింది. అంతే, వెనక వరసంతా ఆవిడ వైపు తిరిగింది.

శనివారం పొద్దున్నే ముగ్గురూ ఫోను ముందు కూర్చున్నారు. వీడియోలో ఒకావిడ ముద్దుముద్దుగా చెబుతోంది: వెన్న, గది, రెండూ ఒకే వేడిలో ఉండాలట. వెన్న ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీశారు, రాయిలా ఉంది. గది చూస్తే మే నెల. తేడా చాలా ఉందని గవర్రాజు లెక్కతేల్చాడు. వెన్నని కదిలించడం దేనికి, గదిని వెన్న దాకా తెస్తే సరి. ఇంకేముంది, ఏసీ అడుగంటా తిప్పేశారు, కిటికీలకి దుప్పట్లు కట్టారు. కాసేపటికి ముగ్గురూ మంకీ క్యాపులు పెట్టుకుని పళ్ళు టకటకలాడించుకుంటూ కూర్చున్నారు. బుల్లబ్బాయి ఒక చెయ్యి గోడమీద, ఒక చెయ్యి వెన్నమీద పెట్టి చూసి, రెండూ సమానమే అమ్మా అన్నాడు. కొడుకు చురుకుతనానికి తాయారమ్మ కళ్ళు చెమర్చాయి. ఆ చలికి చెమ్మ అక్కడే ఆగిపోయింది.

తర్వాత చక్కెర. వెన్నలో వేసి, కళ్ళకి కనపడకుండా పోయేదాకా గిలక్కొట్టమంది వీడియో ఆవిడ. రాతి మీద చక్కెర వేసి కవ్వంతో బాదితే ఏం కలుస్తుంది? గింజ గింజా మెరుస్తూ అలాగే ఉంది. బుల్లబ్బాయి చేతులు పడిపోయాయి. తాయారమ్మ రెక్కలు లాగేశాయి. అప్పుడు గవర్రాజు ముందుకొచ్చి కవ్వం పట్టుకుని, కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. రెండు తిప్పులు తిప్పాడు. గిన్నెలోకి వంగి చూశాడు.

"కనపట్టంలేదే," అన్నాడు.

ఇన్నేళ్ళ కాపురంలో ఆయన మీద ఇంత గౌరవం తాయారమ్మకి ఎప్పుడూ కలగలేదు. ఆవిడా కళ్ళజోడు తీసింది. అవును, చక్కెర లేదు. గిన్నె కూడా లేనట్టే ఉంది.

గుడ్డు కొట్టి పోశారు. ఇహ మైదా, కోకో పొడి జల్లించి వేయాలి. ఇక్కడ మాత్రం వీడియో చూడాల్సిన ఖర్మ తమకి లేదని తాయారమ్మ ఫోను పక్కన పడేసింది. జల్లెడ పట్టడం మిల్లువాళ్ళకి ఎవరు నేర్పాలి? తాతల నాటినుంచీ ఆ ఇంట్లో ఒకటే మాట: పైన నిలిచింది సరుకు, కింద పడింది నూక. బియ్యమైనా అంతే, పప్పైనా అంతే. మైదాకి వేరే న్యాయం ఉంటుందా? జల్లెడ ఆడించింది. పిండంతా పొగమంచులా కింద పడిపోయింది. పైన రెండు ఉండలు, ఒక గోనె పీచు, ఊపిరాడక కొట్టుకుంటున్న ఒక పురుగు మిగిలాయి. ఇంత నాసిరకం మైదా అమ్ముతాడా అని కొట్టువాణ్ణి తిట్టి, బుల్లబ్బాయిని ఇంకో సంచికి పంపింది. అదీ అంతే. మూడోదీ అంతే. చివరికి కొట్టులో మైదా అయిపోయింది, తాయారమ్మ పళ్ళెంలోకి దోసెడు ఉండలు చేరాయి. కింద పడ్డ 'నూక'ని బుల్లబ్బాయి పెరట్లో పారబోశాడు. కోళ్ళు కొంగల్లా తయారయ్యాయి. పురుగుల్ని మాత్రం ఏరేశారు. ఆ ఇంట్లో శుభ్రానికి లోటు లేదు.

ఆ దోసెడు ఉండల్నీ వెన్నలో వేసి, ఎర్ర రంగు సీసా అంతా వంపి, బిళ్ళలు చేశారు. పిండి లేకపోయినా బిళ్ళలు బాగానే నిలబడ్డాయి, వెన్న రాయి కదా. వాటిని కొత్త ఓవెన్‌లో పేర్చి తలుపు వేశారు. ఎంతసేపు ఉంచాలో అడగడానికి తాయారమ్మ గోడ దగ్గరికి వెళ్ళి పక్కింటి మేరీరత్నాన్ని పిలిచింది. మేరీరత్నం ప్రతి క్రిస్మస్‌కీ కేకులు చేసే మనిషి. బస్సుకి పరుగెడుతూ, ఏం బిస్కెట్లో అడక్కుండానే చెప్పేసింది.

"అంచులు ఎర్రబడగానే తీసెయ్యండి పిన్నిగారూ. ఈలోగా తలుపు మాత్రం తీయొద్దు."

తాయారమ్మ వచ్చి అద్దంలోంచి చూసింది. అంచులు ఎర్రగా ఉన్నాయి. నడుములూ ఎర్రగానే ఉన్నాయి. స్విచ్ ఇంకా వేయనేలేదు, అప్పుడే అయిపోయింది. ఖరీదైన ఓవెన్ అంటే ఇలా ఉంటుందని గవర్రాజు దాన్ని తట్టాడు, కరెంటు కూడా మిగిల్చిందని. అయితే తీసేద్దామని బుల్లబ్బాయి చెయ్యి చాచేసరికి తాయారమ్మ ఆ చేతిమీద ఒక్కటి కొట్టింది. తలుపు తీయొద్దంది కదా. బిస్కెట్లు తీయాలి, తలుపు తీయకూడదు. రెండూ మేరీరత్నం మాటలే, రెండూ దాటడానికి లేదు. ముగ్గురూ ఓవెన్ చుట్టూ తిరిగారు. అవతల మీటింగు వేళవుతోంది. సెక్రటరీ పదవి కళ్ళముందే చేజారిపోతోందని తాయారమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఆఖరికి మిల్లు ట్రాక్టరు తెప్పించి, ఓవెన్‌నే ఎక్కించి, దారిలో తలుపు తెరుచుకోకుండా తాడు బిగించి క్లబ్బుకి బయల్దేరారు.

మే ఎండ. దారంతా గుంతలు. క్లబ్బు బల్లమీద ఓవెన్ దించేసరికి లోపల కుకీలు లేవు, రేకు పళ్ళెం నిండా ఎర్రటి చెరువుంది. భ్రమరాంబ అద్దంలోంచి చూసి, రుచి చూడకుండా పదవెలా ఇస్తాను, తలుపు తీయండి వదినగారూ అంది. తీయకూడదంది తాయారమ్మ. చెయ్యి తాడుమీంచి తీయలేదు. భ్రమరాంబ నవ్వడం మొదలెట్టింది. ఆ పాత నవ్వే.

అప్పుడు గవర్రాజు ట్రాక్టరులోంచి ఉలీ సుత్తీ తెచ్చాడు. ఓవెన్ వెనక్కి వెళ్ళాడు. నాలుగు దెబ్బలు. వెనక రేకు ఊడి కిందపడింది. పళ్ళెం వెనకనుంచి బయటికొచ్చింది. బిస్కెట్లు తీశారు, తలుపు తీయలేదు. మేరీరత్నం మాట అక్షరం పొల్లుపోలేదు.

ఇప్పుడు అందరూ భ్రమరాంబ మొహం చూశారు. అసలు సంగతేమిటంటే, ఆ మహాతల్లి హైదరాబాదులో ఆ కుకీల్ని బేకరీ అద్దంలోంచి చూడ్డమే గానీ నోట పెట్టింది లేదు. ఆ మాట ఇప్పుడెలా చెబుతుంది? చెంచాతో కాస్త తీసుకుని నోట్లో వేసుకుంది. చక్కెర కరకరలాడింది, పచ్చిగుడ్డు జర్రున జారింది. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతుంటే మింగేసి, "హైదరాబాదులోనూ ఇంతే. చెంచాతోనే తింటారు," అంది.

అంతే. ఆవిడకి తెలిసింది తమకి తెలీదనిపించుకోవడం ఎవరికిష్టం? తలా ఓ చెంచా అందుకున్నారు. ఎర్రటి పళ్ళతో ఒకరినొకరు చూసుకుని బేకరీ రుచే, బేకరీ రుచే అనుకున్నారు. తాయారమ్మ సెక్రటరీ అయింది. కొత్త సెక్రటరీ మొదటి ఉపన్యాసంలో ఓవెన్ వాడకం గురించి చెప్పింది. తలుపు ముట్టుకోకూడదు, పనంతా వెనకనుంచే జరగాలి. ఒకామె ఏదో అడగబోయింది. మీకు తెలీదులెండి అని తాయారమ్మ నవ్వింది.

ఇంకేముంది, సోమవారం పొద్దున మిల్లు పక్కన వెల్డింగు షాపు ముందు ఆడవాళ్ళు ఓవెన్లతో బారులు తీరారు. వెనక రేకు కోయించుకుంటున్నారు, ముందు తలుపు అతికించుకుంటున్నారు. అందరికంటే ముందు నిలబడింది భ్రమరాంబ. ఆవిడ ఓవెన్ తీసుకురాలేదు. ఇంట్లో ఓవెన్ లేదు కాబట్టి, పనివాళ్ళ చేత ఫ్రిజ్ మోయించుకొచ్చింది.