అవతలి గట్టు మీది మువ్వ

అనగనగా ఒక అడవి. ఆ అడవి మధ్యలో ఒక ఏరు, ఏటి పక్కన ఒక దుప్పుల మంద. ఆ మందకు పొన్నమ్మ అనే ముసలి దుప్పి పెద్ద. పొన్నమ్మ మాటంటే మాటే. ఇంతింత కొమ్ములున్న మగదుప్పులు కూడా దాని ముందు తల దించుకుని నడిచేవి.

ఆ మందలో ఒక అలవాటు ఉండేది. పొద్దుగూకే వేళ, పడుకునే ముందు, పొన్నమ్మ అందరినీ పేరుపేరునా పిలిచేది. "ఉన్నావా?" అని అడిగేది. "ఉన్నా" అని బదులు రావాలి. అన్నీ పలికాకే మంద నడుం వాల్చేది. ఒక్కటి పలకకపోయినా వెళ్లి వెతకాల్సిందే. దుప్పికి కోరలున్నాయా, పంజాలున్నాయా? పక్కన ఇంకో దుప్పి ఉందన్నదే దాని ధైర్యం.

ఒక వానాకాలం ఆ అడవికి గాలికుంటు జబ్బు వచ్చింది. నోటి నిండా పుండ్లు, గిట్టల సందుల్లో పుండ్లు, ఆగకుండా కారే చొంగ. మేయడానికి ఉండదు, నడవడానికి ఉండదు. అది ముందుగా మువ్వ అనే దుప్పికి సోకింది. మువ్వ దాచుకోలేదు. పొద్దున్నే పొన్నమ్మ దగ్గరికి వచ్చి, దూరంగా నిలబడింది.

"అత్తా, నా నోట్లో పుండ్లు లేచాయి. ఏం చెయ్యమంటావు?" అని అడిగింది.

పొన్నమ్మ ఏటి వైపు మూతి చూపించింది. "ఏరు దాటి అవతలి గట్టున ఉండు తల్లీ. ఇది అంటుకునే జబ్బు. పెద్దవాళ్లం ఎలాగో తట్టుకుంటాం. పసివాళ్లు తట్టుకోలేరు. పుండ్లు పూర్తిగా మానాక వచ్చెయ్యి" అంది.

"ఒక్కదాన్నే ఎలా ఉండను?"

"ఒక్కదానివి ఎందుకవుతావు? రోజూ సాయంత్రం గట్టు మీదికొచ్చి నిన్ను పిలుస్తాం. కొండముచ్చు తాత చెట్టు మీంచి లేతాకులు తుంచి వేస్తాడు. ఈ జబ్బు గిట్టలున్నవాళ్లకే గానీ ఆయన్నేం చెయ్యదు."

చెట్టు మీద కొండముచ్చు తాత గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. "మేత సంగతి నాకు వదిలెయ్యండి" అన్నాడు.

మువ్వ ఏరు దాటింది. పిల్లలూ, పొన్నమ్మ చెప్పింది సరైన మాటే. ఆ మాట చివరిదాకా నిలబెట్టుకుని ఉంటే, ఇవాళ నేను మీకు ఈ కథ చెప్పే పనే ఉండేది కాదు.

మొదట్లో మంద మొత్తం గట్టు మీదికి వచ్చేది. పొన్నమ్మ కూతురు చివురు కూడా తన కూన మినుకును వెంటబెట్టుకుని వచ్చేది. "మువ్వత్తా, ఉన్నావా?" అని మినుకు చిట్టి గొంతుతో అందరికంటే ముందు అరిచేది. "ఉన్నా" అని అవతలి నుంచి మువ్వ పలికేది. ఆ రోజుల్లో దానికి పుండ్ల నొప్పి కూడా అంతగా తెలియలేదు.

తర్వాత ముసురు పట్టింది. తడుచుకుంటూ ఎవరు పోతారని సగం మంద మానేసింది. ఆ తర్వాత ఒక సాయంత్రం రెండు మగదుప్పులు కొమ్ములు కలిపి కలబడ్డాయి. ఇక చూడండి, వేడుక. మిగిలిన సగం మంద కూడా నోళ్లు తెరుచుకుని అక్కడే నిలబడిపోయింది. పొన్నమ్మ కూడా అక్కడే ఉంది. పోట్లాట అయ్యేసరికి పొద్దుగూకింది. "రేపు పిలుద్దాంలే" అంది పొన్నమ్మ. మీరు హోంవర్కు రేపు చేస్తానంటారే, అలాంటి రేపు అది. మువ్వకు మేత వేశావా అని కొండముచ్చు తాతను కూడా అడిగేవాళ్లు లేకపోయారు. ఆయనకూ బద్ధకం పట్టుకుంది.

మినుకు మాత్రం మరిచిపోలేదు. "అమ్మమ్మా, మువ్వత్తను పిలవలేదేం?" అని అడిగింది.

"అది అవతలి గట్టుది. నువ్వు పడుకో" అంది పొన్నమ్మ.

విన్నారా? నిన్నటిదాకా మువ్వ. ఇప్పుడు అవతలి గట్టుది. చివురు పక్కనే ఉండి ఆ మాట విన్నది. అప్పుడే ఏటి అవతలి నుంచి సన్నగా ఒక గొంతు వినిపించింది. "ఉన్నా" అంది. ఎవరూ పిలవకుండానే మువ్వ పలికింది. మందలో ఒక్కటీ తల తిప్పలేదు.

కొన్నాళ్లకు మువ్వ పుండ్లు మానాయి. బక్కచిక్కి, ఎముకలు తేలి, ఏరు దాటి వచ్చింది. అది నీళ్లకు దిగితే మిగతావి పైకి జరిగాయి. మందంతా నాకే ఉప్పురాయిని అది నాకితే, ఆ రోజంతా ఇంకేదీ అటు వెళ్లలేదు. సాయంత్రం అది పడుకున్న చోటు చుట్టూ గడ్డి ఖాళీగా ఉండిపోయింది. పొన్నమ్మ దాని పేరు పిలిచింది గానీ, మొహం చూసి పిలవలేదు. చివురు ఇదంతా చూస్తూనే ఉంది.

ఇంకో ముసురు వచ్చింది. ఒక పొద్దున మినుకు పాలు తాగబోయి, నొప్పితో మూతి వెనక్కి తీసుకుంది. చివురు దాని నోట్లోకి చూసింది. నాలుక మీద పుండు లేచి ఉంది.

చివురు ఏటి అవతలికి చూసింది. 'పోవాలి' అనుకుంది. మళ్లీ, 'పోతే మమ్మల్ని ఎవరు పిలుస్తారు?' అనుకుంది. చివరికి కూన చెవి దగ్గర మూతి పెట్టి, "ఎవరైనా అడిగితే పళ్లొస్తున్నాయని చెప్పు" అంది.

కొండముచ్చు తాత అడిగాడు. పళ్లొస్తున్నాయని చెప్పింది మినుకు. తోటి కూనలు అడిగాయి. వాటికీ అదే చెప్పి, వాటితో కలిసి ఉప్పురాయి నాకింది. మువ్వ మాత్రం అడగలేదు. మినుకు మూతి నుంచి కారే చొంగ ఏమిటో దానికి తెలుసు.

"చివురూ, దాచకు. ఏరు దాటు. నేను తోడొస్తా" అంది మువ్వ.

"నీకు తోడు ఎవరొచ్చారు వదినా?" అంది చివురు.

మువ్వ నేరుగా పొన్నమ్మ దగ్గరికి వెళ్లి సంగతి చెప్పింది. పొన్నమ్మ మండిపడింది. "నీ జబ్బు తెచ్చి నా మనవరాలికి అంటగట్టకు" అంది. కనీసం వెళ్లి మినుకు నోరు తెరిపించి చూడనైనా చూడలేదు.

ఆ వానలు వెలిసేలోపే ఉప్పురాయి నాకిన కూనలన్నిటికీ పుండ్లు లేచాయి. తర్వాత తల్లులకు వచ్చింది. ఇక ఏరు దాటాల్సింది ఎవరు, ఉండాల్సింది ఎవరు? కొండముచ్చు తాత సిగ్గుపడి రెండు చేతులా ఆకులు తుంచి వేశాడు. మువ్వ ఒక్కతే అన్నిటి మధ్యా తిరిగింది. పడిపోయినవాటి పక్కన పడుకుంది. పెద్దవి చాలావరకు లేచాయి. కూనలు లేవలేదు. మినుకు కూడా లేవలేదు.

పొన్నమ్మ కూతురు దగ్గర కూలబడింది. "నాకెందుకు చెప్పలేదే? నేను నీ అమ్మను కదా" అని ఏడ్చింది.

చివురు ఏడవలేదు. "అమ్మవే. కానీ మువ్వ వదినను అవతలి గట్టుదని అన్న సాయంత్రం నేను నీ పక్కనే ఉన్నానమ్మా" అంది.

పొన్నమ్మ కుంటుకుంటూ మువ్వ దగ్గరికి వెళ్లింది. "తప్పు నాదే తల్లీ" అంది.

"నాకు కోపం లేదత్తా. పిలిచి ఉంటే బాగుండేది" అంది మువ్వ.

మళ్లీ వానాకాలం వచ్చింది. ఒక దుప్పి తనంతట తానే వచ్చి నోట్లో పుండు చూపించింది, ఏరు దాటింది. ఆ సాయంత్రం జోరువాన. అయినా మంద మొత్తం గట్టు మీద నిలబడి దాన్ని పిలిచింది. "ఉన్నా" అని బదులొచ్చింది. తర్వాత పొన్నమ్మ మిగతా పేర్లన్నీ పిలిచింది. అందరికంటే చివర, "మినుకూ, ఉన్నావా?" అంది. ఏటి చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. కాసేపు చూసి మంద పడుకుంది. పొన్నమ్మ మాత్రం గట్టు మీదే నిలబడి ఉంది.

నీతి: జబ్బుపడి దూరంగా ఉన్నవారిని మనం మరిచిపోతే, రేపు జబ్బు వచ్చినవారు దాన్ని దాచుకుంటారు, ఆ దాపరికం అందరి ప్రాణాల మీదికి తెస్తుంది.