ఏ మూల మెతుకు?

చలమయ్య మాస్టారి దగ్గరికి ప్రశ్నతో వెళ్లినవాళ్లు ఎవరైనా సరే, ముందు ఏదో ఒక పని నెత్తినేసుకోవాల్సిందే. జవాబు సంగతి తర్వాత.

ఒకరోజు ఆయన శిష్యురాలు హైమవతి వెళ్లింది. మండలంలోని బడులన్నిటికీ, పిల్లలకు చదవడం నేర్పే పద్ధతిని ఎంచే బాధ్యత ఆమె మీద పడింది. తప్పు పద్ధతి ఎంచిందా, ఇంట్లో అక్షరం ముక్క చెప్పే దిక్కులేని పిల్లల ఏడాది గంగపాలే. అయినా ఆమెకు బెంగ లేదు.

"ఒక బడిలో రంగుబొమ్మల పద్ధతి చూసొచ్చాను మాస్టారూ. ఒక పిల్ల లేచి పాఠం చదివిందీ, అబ్బ, గలగలా ఏరు పారినట్టే! అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు చాలదూ?"

"చాలు. ఇవాళ మన హాస్టలు పిల్లలకి అన్నం నువ్వే వండు" అన్నారు మాస్టారు.

వంటలో హైమవతిది అందెవేసిన చెయ్యి. పెద్ద గుండిగ ఎక్కించింది. గాలికి మంటంతా ఒక పక్కకే ఎగదన్నుతోంది. ఆ పక్క నుంచే ఓ మెతుకు తీసి నొక్కితే వెన్నలా నలిగింది. "దించెయ్యండి!" అంది దర్జాగా. మొదటి వరస బాగానే తిన్నారు. రెండో వరసలో ఓ పిల్ల నమలడం ఆపి, "టీచర్, పలుకు తగులుతోంది" అంది. హైమవతి ముఖం మాడిపోయింది.

గుండిగ మళ్లీ పొయ్యెక్కింది. మాస్టారు ఆమె చేతికి తెడ్డు అందించి, "మెతుకు అబద్ధం చెప్పలేదమ్మా. కలపకుండానే తీశావు" అన్నారు.

మర్నాడే ఆమె ఆ బడికి వెళ్లింది. అక్కడి టీచర్లు ముందుకు తోసిన పిల్లని నవ్వుతూ కూర్చోబెట్టి, అందరి పేర్లతో చీటీలు వేసి తీసింది. చీటీ వచ్చినవాళ్లచేత ఎన్నడూ చూడని పాఠం చదివించింది. ఒకరిద్దరు తప్ప అందరూ నీళ్లు నమిలారు. పక్క ఊళ్లో ఇంకో బడి ఉంది. అక్కడ ఏ హంగూ లేదు. ఎవరికెంత వచ్చో చూసి, జట్లు కట్టి, రోజూ చదివిస్తారంతే. ఏడాది కిందట రెండుచోట్లా పిల్లల చదువు అంతంతమాత్రమేనని వాకబు చేసి, అక్కడా చీటీలు తీసింది. వెనకబెంచీ వాళ్లు కూడా కూడబలుక్కుంటూ చదివేశారు. అదే పద్ధతి నడిచే మరికొన్ని బడులు కూడా తిరిగి చూసి, మాస్టారి దగ్గరికి వచ్చింది.

"పద్ధతి దొరికింది మాస్టారూ."

"ఏ మూల మెతుకమ్మా?"

"అన్ని మూలలదీ. బాగా కలిపి తీశాను."

మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. అక్కడున్న వాళ్లందరికీ వినపడేలా, "నా శిష్యురాలు!" అన్నారు. తర్వాత ఆమెవైపు తిరిగారు.

"ఇంకేం, దించెయ్యి."