పాటలక్క చప్పట్లు

యూసఫ్‌గూడలోని ఒక ఇరుకు సందులో మురహరి అనే సినిమా దర్శకుడు ఉండేవాడు. ఎదుటివాళ్ళ బతుకులో కథ దొరుకుతుందా అని చూసేవాడే గానీ, ఆ కథ తీసుకుంటే వాళ్ళకేమవుతుందో ఏనాడూ అడిగేవాడు కాదు. చెడ్డవాడు కాదు. అందరితో నవ్వుతూ మాట్లాడేవాడు. కానీ ఎవరైనా తమ కష్టం చెప్పుకుంటుంటే అతని కళ్ళు మెరిసేవి. ఆ మెరుపు జాలి అనుకుని వాళ్ళు ఇంకా ఇంకా చెప్పేవాళ్ళు.

అదే సందు చివర మేడ మీద గదిలో వైజయంతి ఉండేది. తునిలో మగపిల్లాడిగా పుట్టి, తన మనసు ఆడపిల్లదని తెలుసుకుని, ఇంట్లో చోటు లేక బయటికొచ్చేసిన మనిషి. చాలాకాలం సిగ్నళ్ళ దగ్గర చప్పట్లు కొట్టి అడుక్కుంది. గొంతు బాగుండడంతో పెళ్ళి ఆర్కెస్ట్రాల్లో పాడడం మొదలుపెట్టింది. తర్వాత పిల్లలకు పాటలు నేర్పుతానని గుమ్మం ముందు చిన్న బోర్డు కట్టింది. ఎవరూ రాలేదు. చివరికి మురహరి భార్య అపర్ణ తన కూతురు హంసినిని పంపింది. డైరెక్టరుగారి అమ్మాయే వెళ్తుంటే మనకేం భయమని మిగతా ఇళ్ళవాళ్ళూ పంపారు. పిల్లలు ఆమెను పాటలక్క అని పిలిచేవాళ్ళు.

సాయంత్రం కాగానే వైజయంతి వరండాలోకి వచ్చి, రెండు అరచేతులూ బల్లపరుపుగా చాచి, సందంతా మోగేలా చప్పట్లు కొట్టేది. అదే వాళ్ళ బడి గంట. వినగానే పిల్లలు ఆట వదిలేసి మెట్లెక్కేవాళ్ళు. "ఈ చప్పుడు వినే ఒకప్పుడు కారు అద్దాలు ఎక్కించేసుకునేవారండి. ఇప్పుడు పిల్లలు చెప్పులు కూడా వేసుకోకుండా వచ్చేస్తున్నారు" అని అపర్ణతో చెప్పి మురిసిపోయేది.

ఆ మాట మురహరి చెవిన పడింది. కళ్ళు మెరిశాయి. మర్నాటి నుంచి ఫోను పట్టుకుని ఆమె గదికి వెళ్ళసాగాడు. హంసిని నాన్న కదా అని ఆమె ఏదీ దాచకుండా చెప్పింది. మమ్మల్ని నవ్వుల కోసం కాకుండా మనుషులుగా చూపించే సినిమా వస్తుందని సంబరపడింది కూడా. అతనడిగితే వరండాలో నిలబడి చప్పట్లు కొట్టి రికార్డు చేసుకోనిచ్చింది.

మురహరి కథ రాశాడు. ఆమె చెప్పిందంతా అందులో ఉంది. లేనిది కూడా ఉంది. తనను కాదన్నవాళ్ళను ఒక్కొక్కరినే వెతికి పట్టుకుని, పాట పాడి చంపే హిజ్రా గాయని కథ అది. ప్రతి హత్యకు ముందు చీకట్లోంచి చప్పట్లు వినిపిస్తాయి. ఆ పాత్రకు చీర కట్టి పేరున్న హీరోను పెట్టారు. వైజయంతికి కోరస్‌లో పాడే పని ఇచ్చారు. రికార్డింగ్ రోజు తెర మీద ఆ సన్నివేశం చూసి ఆమె పాడడం ఆపేసింది. బయటికొచ్చి మురహరిని పక్కకు పిలిచింది.

"సార్, కథ మీ ఇష్టం. ఆ చప్పట్లొక్కటీ తీసెయ్యండి. కావాలంటే డప్పు పెట్టుకోండి."

"అదే కదా సినిమాకి ప్రాణం. ఎందుకు తియ్యాలి?"

"పిల్లల్ని పిలిచేది దాంతోనేనండి."

మురహరి నవ్వేశాడు. "సినిమా వేరు, జీవితం వేరు వైజయంతీ. జనానికి ఆ మాత్రం తెలీదా?" అన్నాడు. ఆమె ఇంకేదో చెప్పబోయింది. అప్పటికే అతను లోపలికి వెళ్ళిపోయాడు.

సినిమా విడుదలైంది. ఊరు రెండుగా చీలిపోయింది. ఇంత ధైర్యంగా ఎవరు తీశారని కొందరు చంకలు గుద్దుకున్నారు. ఒక జాతినే హంతకులుగా చూపిస్తావా అని కొందరు పోస్టర్లు చించారు. టీవీల్లో రోజూ చర్చలే. విమర్శకుడికి కుర్చీ వేశారు, వకీలుకు వేశారు, చీర కట్టిన హీరోకి అందరికంటే పెద్ద కుర్చీ వేశారు. వైజయంతిని మాత్రం ఎవరూ పిలవలేదు. ఆ కథ వెనక అసలు మనిషి ఒకరున్నారనే వాళ్ళకు తెలియదు. తెలిసిన మురహరి చెప్పలేదు. తిట్టేవాళ్ళూ పొగిడేవాళ్ళూ కలిసి హాళ్ళు నింపుతున్నారు కదా అని లోలోపల సంతోషపడ్డాడు.

ఒక సాయంత్రం అతను చాలాకాలానికి తీరిగ్గా ఇంట్లో ఉన్నాడు. హంసిని నేల మీద కూర్చుని బొమ్మలకు రంగులేస్తోంది. ఇంతలో సందు చివర చప్పట్లు వినిపించాయి. హంసిని రంగు పెన్సిల్ పారేసి బీరువా వెనక్కి దూరి చెవులు మూసుకుంది. కిటికీలోంచి చూస్తే, సందులో ఆడుకుంటున్న పిల్లలంతా ఇళ్ళలోకి పరిగెత్తుతున్నారు. తలుపులు టపటపా మూసుకుంటున్నాయి.

మురహరి కూతురి దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఏమైందమ్మా, అది పాటలక్కే కదా అన్నాడు.

"ఇప్పుడెవర్ని చంపుతుంది నాన్నా?" అని అడిగింది హంసిని.

పిల్లకు ఆ సినిమా ఎవరూ చూపించలేదు. చూపించక్కర్లేకపోయింది. ట్రైలర్ ప్రతి ఫోనులోనూ మోగుతోంది. సినిమా వేరమ్మా అని మొదలుపెట్టాడు మురహరి. "అవే చప్పట్లు కదా నాన్నా" అంది హంసిని. నిజమే, అవే. తానే ఆ వరండాలో నిలబడి రికార్డు చేసుకొచ్చాడు. కన్నకూతురి భయం చూశాక గానీ ఆ రోజు రికార్డింగ్ దగ్గర ఆమె ఏం అడిగిందో అర్థం కాలేదు. ఎంత ఆలస్యంగా అర్థమైంది.

అప్పటికప్పుడు మేడెక్కాడు. గదిలో పిల్లల కోసం చాపలు పరిచి ఉన్నాయి. వైజయంతి ఒక్కతే హార్మోనియం ముందు కూర్చుని ఉంది. ఇలా ఎన్నాళ్ళ నుంచి అని అడిగే ధైర్యం అతనికి లేదు. తప్పైపోయిందన్నాడు. మొదటిసారి ఆమెను మీరు అన్నాడు. ఇంకో సినిమా తీస్తాను, అందులో మీ మంచితనమంతా చూపిస్తాను అన్నాడు.

"మీ సినిమాలో నాచేత పాడించారు, చంపించారు, ఆఖర్న నన్నూ చంపేశారు. మధ్యలో ఒక్కపూటైనా నన్ను అన్నం వండుకుని తిననివ్వలేదండి. ఇంకో సినిమా వద్దు సార్. నా పిల్లల్ని పిలుచుకోనివ్వండి చాలు" అంది వైజయంతి.

ఆమె అడిగిన ఆ ఒక్కటీ ఇప్పుడు అతని చేతిలో లేదు. అయినా మర్నాడు ఇంటింటికీ తిరిగాడు. అందరూ కూర్చోబెట్టి టీ ఇచ్చారు. సినిమా బాగుందని పొగిడి పక్కన నిలబడి ఫొటోలు దిగారు. పరీక్షలవనివ్వండి పంపిస్తామన్నారు. ఎవరూ పంపలేదు. చివరికి కూతురినైనా తీసుకెళ్దామని చెయ్యి పట్టుకుని మెట్లదాకా తెచ్చాడు. హంసిని మెట్టెక్కకుండా అతని చొక్కా పట్టుకుని వెనక్కి లాగింది. పైనుంచి చూసిన వైజయంతి, పసిదాన్ని బలవంతం చెయ్యకండి సార్ అని చెప్పి లోపలికి వెళ్ళిపోయింది. నెల తిరక్కుండా గది ఖాళీ చేసి, ఎక్కడికెళ్తుందో చెప్పకుండా వెళ్ళిపోయింది.

మురహరికి తర్వాత పెద్ద అవార్డు వచ్చింది. తెచ్చి బీరువా మీద పెట్టాడు. సాయంత్రమైతే మాత్రం అతని చెవులు సందు చివరి మేడ వైపే ఉండేవి. ఒకనాడు ఉండబట్టలేక ఫోను తీసి, ఆ పాత రికార్డింగ్ పెట్టుకున్నాడు. వరండా, చప్పట్లు, వాటి వెనకే దూరం నుంచి పరిగెత్తుకొస్తున్న పిల్లల కేరింతలు వినిపించాయి. సినిమాలో పెట్టేటప్పుడు ఆ కేరింతల్ని తనే కోసేశాడు. అవి పూర్తిగా విందామనుకునేలోపు పక్కగదిలో హంసిని తలుపు గడియ వేసుకున్న చప్పుడైంది.

నీతి: ఒకరి కథ చెప్పాలనుకునేవాడు ముందు వాళ్ళ మాట చివరిదాకా వినాలి; ఎందుకంటే కథ ముగిశాక చెప్పినవాడు లేచి వెళ్ళిపోతాడు, ఆ కథలోనే బతకాల్సింది మాత్రం వాళ్ళే.